పట్టాల వెంట తెలుగువాళ్లు – 17వ భాగం: సంతకం లేని కాగితం

ఖరగ్‌పూర్ తెలుగు కార్మికులు 1927లో చేసిన రెండు పోరాటాల గురించి గత భాగంలో చెప్పుకున్నాం. మొదటిది ఫిబ్రవరిలో జరిగిన బెంగాల్ నాగపూర్ రైల్వే సమ్మె. రెండోది, ఉద్యోగాల కోతను ఎదిరించినందుకు అదే ఏడాది వర్క్‌షాపు గేట్లకు తాళాలు పడిన రోజుల్లో సాగింది. ఆ రెండింటిలోనూ కార్మికుల పక్షాన నిలబడిన బరంపురం వకీలు వరాహగిరి వెంకటగిరి. డబ్లిన్‌లో న్యాయశాస్త్రం చదువుతూ ఐరిష్ స్వాతంత్ర్య పోరాటాన్ని దగ్గరగా చూసి, 1916లో తిరిగొచ్చిన మనిషి. గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చిన కూలీలకు తమ భాషలో మాట్లాడే నాయకుడు దొరకడం ఎంత బలమో ఆ గేట్ల ముందే తెలిసింది.

ఈ భాగంలో నలభై రెండేళ్లు ముందుకు వెళ్తున్నాం, 1969 ఆగస్టుకు. గిరి మనల్ని ఖరగ్‌పూర్ నుంచి ఢిల్లీ తీసుకెళ్తారు. అక్కడ ఆయనకు ఎదురు నిలబడ్డ మనిషి కూడా తెలుగువాడే, కాంగ్రెస్సువాడే. ఒకే ఇంటి మనుషుల మధ్య జరిగిన ఆ పోటీలో ఎవరు అచ్చు వేయించారో ఈనాటికీ తేలని ఒక కాగితం చేతులు మారింది. ఆ కాగితం వల్లే భారత రాష్ట్రపతి సుప్రీంకోర్టులో సాక్షి స్థానంలో కూర్చోవలసి వచ్చింది.

ముందు ఊరిని ఒకసారి చూద్దాం. ఖరగ్‌పూర్ స్టేషను నుంచి దక్షిణంగా హిజ్లీ దాటి వెళ్తే సాలువా వస్తుంది. విభజన తర్వాత ఢాకా వదిలి వచ్చిన ఈస్టర్న్ ఫ్రాంటియర్ రైఫిల్స్‌కు అదే కేంద్రం. అక్కడివి ఎక్కువగా నేపాలీ మాట్లాడే జవాన్ల కుటుంబాలు. ఇటు మథురాకాటీ, నీమ్‌పురా వైపు రైల్వే క్వార్టర్లలో తెలుగు వినిపిస్తుంది. మధ్యలో హిజ్లీ నిర్బంధ శిబిరం. 1931 సెప్టెంబరు 16న పోలీసు కాల్పుల్లో సంతోష్ కుమార్ మిత్రా, తారకేశ్వర్ సేన్‌గుప్తా నేలకొరిగిన చోటు అది. 1951లో ఆ భవనంలోనే మొదటి ఐఐటీ మొదలైంది. రైఫిళ్లవాళ్లు, పట్టాలవాళ్లు, పుస్తకాలవాళ్లు పక్కపక్కనే బతికే ఈ నేలలో 1969లో ‘మన గిరి’ రాష్ట్రపతి అవుతారా అన్న ప్రశ్నకు జవాబు చెప్పే హక్కు సామాన్యుడికి లేదు. ఓటు పార్లమెంటు సభ్యులది, శాసనసభ్యులది. దేశం మొత్తం మీద నాలుగు వేల పైచిలుకు మంది. ఓటర్లు అంత తక్కువైతే ఒక్కొక్కరి చెవిలోకీ వెళ్లి మాట చెప్పవచ్చు. ఈ కథకు అదే మూలం.

కాంగ్రెస్ లోపలి పోటీలో తెలుగువాడు చిక్కుకోవడం అది మొదటిసారి కాదు. 1939 జనవరి 29న కాంగ్రెస్ అధ్యక్ష పదవికి సుభాష్ చంద్ర బోస్, భోగరాజు పట్టాభి సీతారామయ్య తలపడ్డారు. బోస్‌కు 1,580 ఓట్లు, పట్టాభికి 1,377. ఆ పోటీలోనూ పరుష వాక్యాలు పడ్డాయి. ఫెడరేషన్ విషయంలో మితవాదులు ఆంగ్లేయులతో రాజీకి సిద్ధపడుతున్నారన్న అనుమానాన్ని బోస్ బయటపెట్టారు. పటేల్, రాజేంద్రప్రసాద్ వంటి కార్యవర్గ సభ్యులు ఆయన మళ్లీ నిలబడడం తగదని ఉమ్మడి ప్రకటన చేశారు. మాటకు మాట పత్రికల్లో వచ్చింది. గెలిచాక కూడా ఆ అనుమానపు మాటే బోస్ మెడకు చుట్టుకుంది. సహచరులు తమపై నింద వేశారని కార్యవర్గం నుంచి తప్పుకున్నారు. ఏప్రిల్ చివరికి ఆయన రాజీనామా చేశారు. ఆ గొడవ ఎంత చేదుగా ఉన్నా, ప్రతి వాక్యం కింద ఒక పేరుంది. బోస్ అన్నది బోస్ పేరు మీద ఉంది, పటేల్ అన్నది పటేల్ పేరు మీద ఉంది. చరిత్ర చదివేవాళ్లు ఎవరి మాటలో ఎంత నిజముందో ఇప్పటికీ తూచగలుగుతున్నది అందుకే.

1951లో ఆంధ్ర కాంగ్రెస్ కమిటీ అధ్యక్ష పదవికి నీలం సంజీవరెడ్డి, ఆచార్య ఎన్.జి. రంగా పోటీపడ్డారు. రెడ్డి గెలిచారు. ఓడిన రంగా, ఆయన వైపు నిలిచిన టంగుటూరి ప్రకాశం ఇద్దరూ కాంగ్రెస్ వదిలి వెళ్లిపోయారు. పార్టీ లోపలి పోటీ పార్టీనే చీల్చిన అనుభవం సంజీవరెడ్డికి ముప్పై ఎనిమిదేళ్ల వయసుకే ఉందన్నమాట. ఆ మరుసటి ఏడాది మద్రాసు శాసనసభ ఎన్నికల్లో అనంతపురంలో ఆయన్ని ఓడించింది కమ్యూనిస్టు అభ్యర్థి తరిమెల నాగిరెడ్డి, స్వయానా బావమరిది. అలాంటి పోటీలు చూసి చూసి గట్టిపడిన మనిషి. ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి, అఖిల భారత కాంగ్రెస్ అధ్యక్షుడు, కేంద్ర మంత్రి, 1967 నుంచి లోక్‌సభ స్పీకరు. స్పీకరు కుర్చీ ఎక్కగానే పార్టీ సభ్యత్వం వదులుకున్నారు. ఆ కుర్చీకి పార్టీ ఉండకూడదని ఆయన నమ్మకం. ఆ నమ్మకాన్ని నేను గౌరవిస్తాను. తర్వాత వచ్చినవాళ్లలో దాన్ని పాటించినవారు అరుదు.

1969 మే 3న రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ హఠాత్తుగా కన్నుమూశారు. ఉపరాష్ట్రపతి గిరి తాత్కాలిక రాష్ట్రపతి అయ్యారు. తర్వాత ఎవరన్నది కాంగ్రెస్ తేల్చాలి. కాంగ్రెస్ అంటే అప్పటికి రెండు కాంగ్రెస్‌లు. ఒకవైపు ప్రధాని ఇందిరాగాంధీ. మరోవైపు పత్రికలు సిండికేట్ అని పిలిచిన పెద్దలు: పార్టీ అధ్యక్షుడు నిజలింగప్ప, కామరాజ్, ఎస్.కె. పాటిల్ ప్రభృతులు. జులైలో బెంగళూరులో పార్లమెంటరీ బోర్డు కూర్చుంది. ఇందిర జగ్జీవన్ రామ్ పేరు చెప్పారు. బోర్డు సంజీవరెడ్డి పేరు ఖాయం చేసింది. మొరార్జీ, కామరాజ్, పాటిల్, చవాన్ రెడ్డి వైపు, ఇందిర, ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ ఎదురు. నాలుగుకు రెండు. పార్టీ అభ్యర్థిని పార్టీవాళ్లే ఓటేసి తేల్చుకున్న చోటు అది. మామూలుగా అయితే పోటీ అక్కడే ముగిసిపోవాలి.

ముగియలేదు. బోర్డు తనను పక్కనపెట్టడంతో గిరి స్వతంత్ర అభ్యర్థిగా నిలబడతానని ప్రకటించారు. జులై 19న పద్నాలుగు బ్యాంకుల జాతీయీకరణ ఆర్డినెన్సు మీద సంతకం పెట్టి, మర్నాడు పదవికి రాజీనామా చేశారు. సంజీవరెడ్డి స్పీకరు పదవి వదిలారు. ఆయన నామినేషన్ పత్రం మీద ప్రతిపాదకురాలిగా ఇందిర సంతకమే ఉంది. ప్రతిపాదించిన చెయ్యే తర్వాత వెనక్కి తీసుకుంది.

అక్కడి నుంచి ఆగస్టు 16 పోలింగు దాకా నడిచిన ప్రచారం రెండు అంతస్తుల్లో సాగింది. పై అంతస్తులో పేరుతో వచ్చిన ఆరోపణలు. నిజలింగప్ప రెండో ప్రాధాన్య ఓట్ల కోసం జనసంఘ్, స్వతంత్ర పార్టీల నాయకులతో మాట్లాడారు. ఆ పార్టీల అభ్యర్థి సి.డి. దేశ్‌ముఖ్. ఆ చర్చలను జగ్జీవన్ రామ్, ఫక్రుద్దీన్ తప్పుబట్టి, అంతరాత్మ చెప్పినట్టు ఓటేసే స్వేచ్ఛ కావాలని లేఖ రాశారు. ఇందిర విప్పు జారీ చేయడానికి ఒప్పుకోలేదు. ‘అంతరాత్మ ప్రబోధం’ అన్న మాట తెలుగు పత్రికల్లో నిత్యవాడుక అయింది ఆ వారాల్లోనే. సిండికేట్ వాళ్లు ఇందిర పార్టీ క్రమశిక్షణను కాలరాస్తోందన్నారు. ఇవన్నీ ఘాటైన మాటలే, కానీ రాజకీయమైన మాటలు. జవాబు ఇవ్వదగినవి. నిజలింగప్ప నిజంగా మాట్లాడారు, ఇందిర నిజంగా విప్పు ఆపారు. ఓటరు రెండూ చూసి నిర్ణయించుకోవచ్చు.

కింది అంతస్తులో నడిచింది ఆకాశరామన్న పని. అచ్చువేసిన వాళ్ల పేరు లేని కరపత్రం ఒకటి టపాలో ఓటర్లకు చేరింది, పార్లమెంటు సెంట్రల్ హాలులో చేతులు మారింది. సంజీవరెడ్డి శీలం మీద అశ్లీలమైన నిందలు అందులో ఉన్నాయి. అవేమిటో ఇక్కడ రాయను. యాభై ఏళ్లు దాటాక కూడా వాటిని మళ్లీ అచ్చు వేస్తే రాసినవాడి పని నేను కొనసాగించినట్టే. సుప్రీంకోర్టు న్యాయమూర్తులే దాన్ని అసభ్యమైనదిగా, నీచమైనదిగా ఎంచారు. ఆ వర్ణన చాలు.

అలాంటి కాగితం అప్పుడే ఎందుకు పుట్టింది? వేరువేరు పార్టీల వాళ్లు పోటీపడితే విధానాల మీద కొట్లాడుకోవచ్చు. బ్యాంకులు ప్రభుత్వం తీసుకోవాలా వద్దా, భూమి ఎవరికి దక్కాలి అని వాదించుకోవచ్చు. ఒకే జెండా కింద ముప్పై, నలభై ఏళ్లు కలిసి జైళ్లకు వెళ్లి, కలిసి మంత్రులైనవాళ్ల మధ్య ఆ తేడాలు పలచన. గిరి, రెడ్డి ఇద్దరూ కాంగ్రెస్ ప్రభుత్వాల్లో పనిచేసినవాళ్లే, ఇద్దరూ స్వాతంత్ర్యోద్యమంలో జైలుకు వెళ్లినవాళ్లే. విధానంలో పట్టుకోవడానికి ఏమీ దొరకనప్పుడు మనిషినే పట్టుకుంటారు. పైగా లోపలివాడికి లోపలి సంగతులు తెలుసు, తెలిసినట్టు నటించడమూ సులభం. ఇంటి గుట్టు లంకకు చేటు అన్నది అందుకే. బయటివాడు చెబితే ఎవరూ నమ్మని మాట, లోపలివాడు చెవిలో వేస్తే ‘వాళ్లకు తెలియకుండా ఉంటుందా’ అనిపిస్తుంది.

ఇక లెక్కలు. ఆ ఎన్నికలో ఒక్కో పార్లమెంటు సభ్యుడి ఓటు విలువ 576. ఆగస్టు 20న లెక్కింపు జరిగింది. మొత్తం పదిహేను మంది అభ్యర్థులు. మొదటి ప్రాధాన్య ఓట్లలో గిరికి 4,01,515, సంజీవరెడ్డికి 3,13,548, దేశ్‌ముఖ్‌కు 1,12,769. గెలవడానికి కావలసింది 4,18,169. గిరికి 16,654 తక్కువ పడ్డాయి. కింది అభ్యర్థులను ఒక్కొక్కరినే తప్పిస్తూ వాళ్ల రెండో ప్రాధాన్య ఓట్లను పంచుతుంటే రెడ్డి ఖాతా ఉబ్బుతూ పోయింది. దేశ్‌ముఖ్ ఓట్లు ఎక్కువ భాగం ఆయనకే వచ్చాయి. చివరి లెక్క: గిరి 4,20,077, రెడ్డి 4,05,427. తేడా 14,650.

ఈ తేడాను పార్లమెంటు సభ్యుల లెక్కలోకి మార్చి చూడండి. గిరి ఖాతాలోకి చేరినవారిలో పదమూడు మంది ఎంపీలు రెడ్డి వైపు చేరి ఉంటే ఫలితం తారుమారు. పదమూడు మంది! సెంట్రల్ హాలులో ఒక బల్ల చుట్టూ కాఫీకి కూర్చునేంత మంది. ఆ కాగితం ఒక్కరి మనసైనా మార్చిందని నేను అనడం లేదు. దానికి ఆధారం లేదు. కానీ అది పంచినవాడికి ఈ లెక్క తెలుసు. నాలుగు వేల మంది ఓటర్లున్న ఎన్నికలో పదిమందిని కదిలిస్తే చాలని తెలిసినవాడే ఆ పని చేస్తాడు.

గిరి ఆగస్టు 24న ప్రమాణ స్వీకారం చేశారు. ఎన్నిక చెల్లదంటూ సుప్రీంకోర్టులో నాలుగు పిటిషన్లు పడ్డాయి. నామినేషన్ తిరస్కరణ వంటి సాంకేతిక అభ్యంతరాలు కొన్ని, కరపత్రం మీద కొన్ని. శివకృపాల్ సింగ్ వర్సెస్ వి.వి. గిరి అన్న పేరుతో ఇప్పటికీ లా కాలేజీల్లో చదివే కేసు ఇదే. జస్టిస్ సిక్రీ నాయకత్వంలో ఐదుగురు న్యాయమూర్తులు విన్నారు.

ఇక్కడ చట్టం చిక్కు తెలుసుకోవాలి. 1952 నాటి రాష్ట్రపతి ఎన్నికల చట్టం ప్రకారం లంచం లేదా అనుచిత ప్రభావం రుజువైతే ఎన్నిక రద్దు చేయవచ్చు. అభ్యర్థి మీద అబద్ధం ప్రచారం చేయడం శిక్షాస్మృతిలో వేరే నేరం, దానికి శిక్ష జరిమానా మాత్రమే, దాని వల్ల ఎన్నిక రద్దు కాదు. కాబట్టి ఆ కరపత్రం ‘అబద్ధపు ప్రచారమా’, ‘అనుచిత ప్రభావమా’ అన్నదాని మీదే కేసు నిలిచింది. బూతు రాతలు ఓటరు మనసును స్వేచ్ఛగా ఆలోచించనివ్వని స్థాయికి చేరితే అవి అనుచిత ప్రభావం కిందకు కూడా రాగలవని ధర్మాసనంలో అధిక సంఖ్యాకులు అన్నారు. ఈ దేశంలో మురికి ప్రచారం గురించి సర్వోన్నత న్యాయస్థానం చెప్పిన మాటల్లో ఇది ముఖ్యమైనదని నా అభిప్రాయం. అబద్ధం చెప్పడం వేరు, ఓటరు బుద్ధిని కప్పేసేంత విషం చల్లడం వేరు. ఆ రెండోదానికి చట్టంలో చోటుందని అప్పుడు తెలిసింది.

విచారణలో ఇంకో విశేషం: టేప్ రికార్డరు సాక్ష్యం. ఒక ఎంపీకి, పిటిషనర్లలో ఒకరికి మధ్య జరిగిన సంభాషణను టేపు మీద వినిపించడానికి కోర్టు అనుమతించింది. సాక్షి చెప్పినదానికి విరుద్ధంగా అతని మాటే టేపులో ఉంటే దాన్ని చూపించవచ్చని తేల్చింది. ఈనాటి ఫోను రికార్డింగు కేసులన్నిటికీ పాత చుట్టం ఆ తీర్పు.

రాష్ట్రపతి పదవిలో ఉన్న మనిషి వాంగ్మూలం ఇంటి దగ్గరే తీసుకోవచ్చు. అందుకు దారి ఉన్నా గిరి స్వయంగా కోర్టుకు వచ్చారు. 1970లో ఆయన సుప్రీంకోర్టులో కూర్చుని ప్రశ్నలకు జవాబులు చెప్పారు. పదవిలో ఉండగా అలా సాక్ష్యమిచ్చిన రాష్ట్రపతి ఆయన ఒక్కరే. డెబ్బై అయిదేళ్ల వయసు. ఖరగ్‌పూర్‌లో యాజమాన్యం ముందు కార్మికుల తరఫున నిలబడి వాదించిన మనిషి, ఒక బూతు కాగితం గురించి నాకు తెలియదు, నేను చేయించలేదు అని చెప్పుకోవలసి వచ్చింది. సంతకం లేని రాత ఎవరి మీద రాశారో వాళ్లనే కాదు, దాని వల్ల లాభపడ్డాడని అనుమానం పడినవాళ్లనూ కాలుస్తుంది. రెడ్డి జవాబు ఇవ్వలేకపోయారు, ఎందుకంటే నిందకు యజమాని లేడు. గిరి ఒట్టు వేసి చెప్పినా సందేహం పూర్తిగా పోలేదు, అదే కారణం.

1970 మేలో పిటిషన్లు కొట్టేశారు. కారణాలు సెప్టెంబరులో వెలువడ్డాయి. కరపత్రం చలామణీలోకి వచ్చిందన్నది కోర్టు కాదనలేదు. అయితే గిరి దాన్ని పంచారని గానీ, ఆయన ఎరుకలో మరొకరు పంచారని గానీ రుజువు కాలేదు. ఫలితం దాని వల్ల మారిందనీ తేలలేదు. తీర్పు సరైనదే. ఆధారం లేకుండా ఎన్నిక రద్దు చేస్తే రేపు ఎవరైనా తన మీద తానే కరపత్రం వేయించుకుని ఎదుటివాడి గెలుపును ముంచవచ్చు. కానీ రాసినవాడు, అచ్చువేసినవాడు, టపాలో వేసినవాడు, వీళ్లలో ఎవరూ దొరకలేదు. 1939లో బోస్, పటేల్ వాగ్వాదాన్ని మనం ఈనాడు తూచగలుగుతున్నాం. 1969 కాగితాన్ని తూచడానికి అవతలి తక్కెడలో పెట్టడానికి మనిషే లేడు.

పార్టీ మాత్రం మిగల్లేదు. నవంబరు 12న ఇందిరను కాంగ్రెస్ నుంచి బహిష్కరించారు, కాంగ్రెస్ రెండుగా చీలింది. 1971 లోక్‌సభ ఎన్నికల్లో సంజీవరెడ్డి ఓడిపోయారు. కొన్నేళ్లు ఊరికి వెళ్లి వ్యవసాయం చేసుకున్నారు. 1974లో చట్టం మార్చారు. రాష్ట్రపతి అభ్యర్థికి పదిమంది ప్రతిపాదకులు, పదిమంది బలపరిచేవారు ఉండాలన్నారు. ఎన్నికను సవాలు చేయాలంటే అభ్యర్థి అయినా కావాలి, లేదా కనీసం ఇరవై మంది ఓటర్లు కలిసి రావాలన్నారు. 1969 కేసుల అనుభవమే ఆ మార్పులకు ఒక కారణం. సంతకం లేని కరపత్రాలకు మాత్రం ఆ సవరణలో మందు లేదు.

1977లో నంద్యాల నుంచి గెలిచిన సంజీవరెడ్డి ఆ ఎన్నికల్లో ఆంధ్రప్రదేశ్ నుంచి జనతా పార్టీ తరఫున నెగ్గిన ఒకే ఒక్కరు. మిగతా నలభై ఒక్క స్థానాలూ కాంగ్రెస్‌వే. మళ్లీ స్పీకరయ్యారు. జులైలో రాష్ట్రపతి ఎన్నిక వచ్చింది. ముప్పై ఏడు నామినేషన్లు పడితే ముప్పై ఆరు చెల్లలేదు. ఏకగ్రీవం. ఎనిమిదేళ్ల కిందట ఆయన శీలం మీద రాతలు చేతులు మారిన అదే పార్లమెంటు ఆయన్ని పోటీ లేకుండా రాష్ట్రపతి భవన్‌కు పంపింది. 1980 జూన్ 24న మద్రాసులో గిరి చనిపోయినప్పుడు రాష్ట్రపతి కుర్చీలో ఉన్నది నీలం సంజీవరెడ్డి. కేంద్ర ప్రభుత్వం వారం రోజుల సంతాపం ప్రకటించింది, ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి.

గిరి గెలుపును తమ గెలుపుగా చూసుకున్న ఖరగ్‌పూర్ రైల్వే కుటుంబాలకు అంతకుముందే వేరే పరీక్ష ఎదురైంది. 1974 మే 8న దేశమంతా రైళ్లు ఆగిపోయాయి. సమ్మెకు ముందున్నది అఖిల భారత రైల్వేమెన్ ఫెడరేషన్. 1920ల్లో ఆ సంస్థను నిలబెట్టినవాళ్లలో గిరి ఒకరు. సమ్మెను అణచివేసిన ప్రభుత్వానికి రాష్ట్రపతి కూడా ఆయనే. ఆ ఇరవై రోజులు ఖరగ్‌పూర్ క్వార్టర్లలో ఏం జరిగిందో వచ్చే భాగంలో.